బండి పోయింది, కెమెరాలో టోపీ ఒక్కటే దొరికింది: ఇంటి బయట లైట్లు, కెమెరాలు ఎలా తీసుకోవాలి?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం నుంచి మీరు పంపే మెసేజ్‌లలో ఎక్కువసార్లు వచ్చే ప్రశ్న ఇదే: "అన్నా, ఇంటి బయటికి ఏ కెమెరా కొనాలి?" ఒక బ్రాండ్ పేరు చెప్పేస్తే రెండు నిమిషాల్లో వీడియో అయిపోతుంది. కానీ దాని వల్ల మీకు ఉపయోగం లేదు. ఎందుకు లేదో మా ఇంట్లో జరిగింది చెప్తే అర్థమవుతుంది.

మా ఇల్లు హిందూపురంలో. ఇంట్లో అమ్మా నాయనా ఇద్దరే ఉంటారు. నేను బెంగళూరులో ఉంటా, వారానికో రెండు వారాలకో రైలెక్కి వస్తా. ఒకరోజు పొద్దున్నే నాయన ఫోన్ చేసి, "ఒరేయ్, బండి లేదురా" అన్నాడు. గేటు లోపల పెట్టిన బండి. నేను అన్న మొదటి మాట, "కెమెరా ఉంది కదా నాయనా, భయపడొద్దు."

కెమెరా ఉంది. రికార్డింగ్ కూడా ఉంది. ఒకడు వచ్చాడు, తాళం విరిచాడు, బండి తోసుకుంటూ పోయాడు. అంతా కనిపిస్తుంది. కనిపించనిది ఒక్కటే, వాడి ముఖం. కెమెరా మొదటి అంతస్తు మూలకు, పద్నాలుగు అడుగుల ఎత్తున బిగించి ఉంది. అక్కడి నుంచి చూస్తే టోపీ, భుజాలు, చేతులు. అంతే. పైగా వీడియో మీద పడిన టైము నలభై నిమిషాలు తప్పు. స్టేషన్‌లో అడిగినవి రెండే ప్రశ్నలు: "ముఖం కనిపిస్తుందా? ఏ టైముకు జరిగింది?" రెంటికీ మా దగ్గర సరైన జవాబు లేదు. బండి దొరకలేదు.

బండి పోతే పోయింది. నాకు భయం వేసింది ఇంకో విషయానికి. ఆ రాత్రి చప్పుడు విని నాయన లేచాడంట. టార్చి తీసుకొని తలుపు దగ్గరికి వచ్చి, కుక్కలేమో అనుకొని మళ్ళీ పడుకున్నాడంట. తలుపు తీసుంటే? అరవై ఐదేళ్ళ మనిషి, చీకట్లో, ఎదురుగా ఇనుప రాడ్డు పట్టుకున్న దొంగ. అప్పుడు నాకు అర్థమైంది. ఇంటి బయట లైటు, కెమెరా పెట్టేది వస్తువు కోసమే కాదు, ఇంట్లో వాళ్ళు తలుపు తీయకుండానే బయట ఏముందో తెలుసుకోవడానికి. ఈ రోజు చెప్పేదంతా ఈ లెక్కతోనే చెప్తాను.

ముందు లైటు, తర్వాతే కెమెరా

చాలామంది డబ్బంతా కెమెరాకు పెట్టి, లైటు గురించి ఆలోచించరు. దొంగకు కావాల్సింది చీకటి. 2016లో అమెరికాలోని న్యూయార్క్‌లో ఒక ప్రయోగం చేశారు. కొన్ని హౌసింగ్ కాలనీలను లాటరీ పద్ధతిలో ఎంచుకుని, అక్కడ బయట పెద్ద లైట్లు పెట్టి, లైట్లు పెట్టని కాలనీలతో పోల్చి చూశారు. లైట్లు పెట్టిన చోట రాత్రిపూట బయట జరిగే తీవ్రమైన నేరాలు సుమారు 36 శాతం తగ్గాయని తేలింది. మన వీధి న్యూయార్క్ కాదు, ఆ అంకె మనకు అలాగే వర్తిస్తుందని నేను చెప్పను. కానీ వెలుతురుకు ఎంత బలం ఉందో చూడండి.

రాత్రంతా వెలిగే లైటు కావాలా, మనిషి వస్తేనే వెలిగే సెన్సర్ లైటు కావాలా? నా సలహా రెండూ కలిపి. గేటు దగ్గర చిన్న ఎల్‌ఈడీ రాత్రంతా వెలగనివ్వండి, 5 వాట్లది చాలు. బండి పెట్టే చోట, పక్క సందులో సెన్సర్ లైటు పెట్టండి. ఉన్నట్టుండి ఫెళ్ళున వెలుగొస్తే, వచ్చినవాడికి తనను ఎవరో చూస్తున్నారనే అనుమానం వస్తుంది. కొనేటప్పుడు వాట్లు చూడకండి, ల్యూమెన్లు చూడండి. వాట్ అంటే ఎంత కరెంటు తాగుతుందో చెప్పేది, ల్యూమెన్ అంటే ఎంత వెలుతురు ఇస్తుందో చెప్పేది. ఇంటి ముందుకు 800 నుంచి 1500 ల్యూమెన్లు సరిపోతాయి.

ఈ సెన్సర్‌ను పీఐఆర్ అంటారు. మనిషి ఒంటి వేడి కదులుతూ ఉంటే అది పట్టుకుంటుంది. ఇక్కడ మన సీమవాళ్ళు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఒంటి వేడికీ చుట్టూ ఉన్న వేడికీ తేడా ఎంత ఎక్కువుంటే సెన్సర్ అంత బాగా పనిచేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో పొద్దు మునిగినా మన బండలు, గోడలు సెగలు కక్కుతూనే ఉంటాయి. అప్పుడు తేడా తగ్గిపోయి, డబ్బా మీద పది మీటర్లు అని రాసిన సెన్సర్ అంత దూరం పట్టదు. అందుకే డబ్బా మీది దూరంలో సగమే లెక్కేసుకోండి.

ఇంకో కిటుకు. పీఐఆర్ తనకు ఎదురుగా నడిచొచ్చేవాడిని ఆలస్యంగా పడుతుంది, అడ్డంగా దాటేవాడిని వెంటనే పడుతుంది. కాబట్టి సెన్సర్‌ను నేరుగా గేటు వైపు తిప్పకుండా, మనిషి నడిచే దారికి అడ్డంగా చూసేలా పక్క గోడకు బిగించండి. ఎత్తు ఏడు, ఎనిమిది అడుగులు. దాని ముందు చెట్టు కొమ్మ ఊగకూడదు, ఏసీ బయటి యూనిట్ వేడిగాలి తగలకూడదు. లేదంటే రాత్రంతా ఊరికే వెలిగి ఆరుతూ ఉంటుంది. నాలుగు రోజులకు విసుగొచ్చి మీరే స్విచ్ తీసేస్తారు.

సోలార్ లైట్లు మన దగ్గర బాగానే పనిచేస్తాయి. మనకు వానకే కరువు, ఎండకు కరువు లేదు. ఎన్.పి.కుంటలో అంత పెద్ద సోలార్ పార్కు కట్టింది అందుకే కదా. ప్యానెల్‌ను దక్షిణం వైపు, సుమారు 15 డిగ్రీల వాలుతో పెట్టండి. కానీ రెండు జాగ్రత్తలు. ఒకటి దుమ్ము. వానలు తక్కువ కాబట్టి ప్యానెల్ దానంతటది కడుక్కోదు, వారానికోసారి తడిగుడ్డతో తుడవాలి. రెండు బ్యాటరీ. మామూలు లిథియం అయాన్ బ్యాటరీ కంటే లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ ఎండ వేడికి ఎక్కువ కాలం తట్టుకుంటుంది. డబ్బా మీద ఏ బ్యాటరీ అని రాసుందో చదివి కొనండి.

ఇక వాన పడిన సాయంత్రం ఉసిళ్ళు మీకు తెలుసు. తెల్లటి లైటుకు అవి ఎక్కువ మూగుతాయి, పసుపు వెలుతురుకు తక్కువ. లైటును కెమెరాకు ఆనించి పెడితే పురుగులు వస్తాయి, వాటి కోసం సాలీడు వస్తుంది, గూడు కెమెరా ముందే కడుతుంది. రాత్రి ఆ గూడు కదిలిన ప్రతిసారీ మీ ఫోన్‌కు అలర్ట్. అందుకే లైటు, కెమెరా మధ్య మూడు నాలుగు అడుగుల దూరం ఉండాలి.

మెగాపిక్సెల్ కాదు, ముఖం ఎంత దూరంలో దొరుకుతుందో అడగండి

షాపులో మొదట చెప్పేది "5 మెగాపిక్సెల్ సార్" అని. మీరు అడగాల్సింది వేరే ఉంది: లెన్స్ ఎన్ని ఎంఎం?

సీసీటీవీ రంగంలో ఒక లెక్క ఉంది. తెలియని మనిషిని వీడియోలో చూసి ఫలానావాడే అని గట్టిగా చెప్పాలంటే, అతను నిలబడిన చోట ఒక మీటరు వెడల్పుకు కనీసం 250 పిక్సెళ్ళు ఉండాలి. ఎవరో మనిషి ఉన్నాడు అని తెలియడానికైతే 25 చాలు. మా ఇంటి వీడియోలో మనిషి ఉన్నాడని తెలిసింది, ఎవరో తెలియలేదు. తేడా ఇక్కడే ఉంది.

ఈ లెక్కను 2 మెగాపిక్సెల్ కెమెరాకు వేస్తే ఇలా వస్తుంది. 2.8 ఎంఎం లెన్స్ వెడల్పుగా చూస్తుంది, కానీ ముఖం గుర్తుపట్టేలా దొరికేది సుమారు 3 మీటర్ల వరకే. 4 ఎంఎం అయితే సుమారు 4 మీటర్లు. 6 ఎంఎం అయితే దాదాపు 8 మీటర్లు, కానీ పక్కలకు తక్కువ కనిపిస్తుంది. ఇవి మంచి వెలుతురులో వచ్చే లెక్కలు, చీకట్లో ఇంకా తగ్గుతాయి. మీ గేటు కెమెరాకు ఆరు మీటర్ల దూరంలో ఉండి, మీరు 2.8 ఎంఎం పెట్టుకుంటే, వీధంతా కనిపిస్తుంది, దొంగ మాత్రం దొరకడు.

ఎత్తు కూడా అంతే. పద్నాలుగు అడుగుల ఎత్తు నుంచి, మూడు మీటర్ల దూరంలో ఉన్న మనిషిని చూస్తే కెమెరా నలభై డిగ్రీలకు పైగా కిందికి వంగి చూడాలి. టోపీ అంచు ముఖాన్ని మూసేస్తుంది. అదే ఎనిమిది అడుగుల నుంచి అయితే పదిహేను డిగ్రీలే. ముఖం దాదాపు ఎదురుగా దొరుకుతుంది. "అంత కిందుంటే పీకేస్తారు కదా" అంటారు. నిజమే. అందుకే రెండు కెమెరాలు: గేటు దగ్గర ముఖం కోసం కిందుగా ఒకటి, దాన్ని కూడా చూస్తూ పైన ఇంకొకటి. కింది కెమెరాను పీకేవాడు పీకే ముందు దాని ముందుకే వచ్చి నిలబడతాడు. రికార్డింగ్ ఇంటి లోపల పెట్టెలో ఉంటే చాలు, కెమెరా పోయినా వాడి ముఖం మన దగ్గరే ఉంటుంది.

రాత్రి చూపు గురించి. ఇన్‌ఫ్రారెడ్ కెమెరా చీకట్లో నలుపు తెలుపుగా చూపిస్తుంది. దాని దగ్గరలో తెల్లగోడ గానీ పిట్టగోడ గానీ ఉంటే ఆ కాంతి వెనక్కి కొట్టి దృశ్యం పాలిపోతుంది. బండి నంబరు ప్లేటు కూడా అలాగే తెల్లగా మెరిసిపోయి అంకెలు కనపడవు. ఇంటి ముందు సెన్సర్ లైటు ఉంటే, రంగుల్లో తీసే కెమెరా చొక్కా రంగు, బండి రంగు కూడా చెప్తుంది. లైటు ముందు అని నేను అన్నది ఇందుకు కూడా.

బయట పెట్టేదానికి ఐపీ66 ఉందో లేదో చూడండి. మొదటి 6 అంటే దుమ్ము అస్సలు లోపలికి పోదు, రెండో 6 అంటే గట్టిగా నీళ్ళు కొట్టినా తట్టుకుంటుంది. మన గాలికి, దుమ్ముకు మొదటి 6 ముఖ్యం. తూర్పుకు తిరిగిన ఇల్లయితే పొద్దున ఎండ నేరుగా లెన్స్‌లో పడి మనుషులు నల్లటి నీడల్లా వస్తారు. అలాంటి ఇంటికి డబ్ల్యూడీఆర్ అనే సదుపాయం ఉన్న కెమెరా తీసుకోండి.

మూడు ఊళ్ళు, మూడు రకాల ఇళ్ళు

మూడూ ఒకే రైలు దారి మీద ఉన్న ఊళ్ళే అయినా, అవసరాలు వేరు.

హిందూపురంలో మా ఇంటిలాంటివి చాలా ఉన్నాయి. పిల్లలు బెంగళూరులో, పెద్దవాళ్ళు ఇక్కడ. ఇలాంటి ఇంటికి గేటు దగ్గర మాట్లాడే సదుపాయం ఉన్న వైఫై కెమెరా మంచిది. చప్పుడైతే నాయన మంచం మీద నుంచే ఫోన్‌లో చూడాలి. యాప్ మీ ఫోన్‌లో ఒక్కదాంట్లోనే పెట్టుకోవద్దు, వాళ్ళ ఫోన్‌లో కూడా వేసి, పదిసార్లు చేయించి నేర్పండి. పాత రాతిగోడల ఇళ్ళలో వైఫై ఒక గోడ దాటేసరికే నీరసపడుతుంది. చాలా కెమెరాలు 2.4 గిగాహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి. కెమెరా పెట్టే చోట ఫోన్ పట్టుకుని వీడియో కాల్ చేసి చూడండి. అక్కడ కాల్ ఆగిపోతుంటే కెమెరా కూడా ఆగిపోతుంది.

పెనుకొండ పరిస్థితి వేరు. ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీలో 2019లో కార్ల తయారీ మొదలైంది. ఆ చుట్టుపక్కల షిఫ్టుల్లో పనిచేస్తూ అద్దె ఇళ్ళలో ఉండే కుర్రాళ్ళు చాలామంది. రాత్రి షిఫ్టుకు పోతే గది ఖాళీ. ఓనరు గోడకు రంధ్రం వేయనివ్వడు. మీకు డీవీఆర్, వైర్లు అక్కర్లేదు. బ్యాటరీ కెమెరా ఒకటి, సోలార్ సెన్సర్ లైటు ఒకటి చాలు. ఖాళీ చేసేటప్పుడు రెండూ పట్టుకెళ్ళొచ్చు. వైఫై లేకపోతే 4జీ సిమ్ వేసే కెమెరాలున్నాయి. తోట దగ్గర బోరు మోటారుకు, కేబులుకు కూడా ఇవే పనికొస్తాయి.

ధర్మవరంలో ఇల్లే మగ్గం, ఇల్లే దుకాణం. పట్టు నూలు, నేసిన చీరలు ఇంట్లోనే ఉంటాయి. కొన్ని చీరలు పోతే నెలల కష్టం పోయినట్టే. అలాంటి ఇంటికి వైఫై మీద ఆధారపడొద్దు. వైరు కెమెరాలు, రికార్డింగ్ పెట్టె పెట్టించండి. ఆ పెట్టె టీవీ కింద పెడితే దొంగ దాన్ని కూడా ఎత్తుకుపోతాడు. తాళం వేసిన బీరువాలోనో అటక మీదో, గాలి ఆడేలా పెట్టండి. సందులు ఇరుకు కాబట్టి కెమెరాలో ఎదురింటి గుమ్మం పడుతుంది. సెట్టింగ్స్‌లో ప్రైవసీ మాస్క్ అని ఉంటుంది, ఆ గుమ్మాన్ని నల్లగా మూసేయండి. మగ్గం దగ్గర పనికొచ్చే ఆడవాళ్ళకు కెమెరా ఉందని ముందే చెప్పండి. అడగకుండా పెట్టిన కెమెరా రక్షణ అనిపించుకోదు, నిఘా అవుతుంది.

కరెంటు పోతే, పాస్‌వర్డ్ పోతే

కరెంటు పోయిన రాత్రి కెమెరా చచ్చిపోతే, అసలు అవసరమైనప్పుడు అది లేనట్టే. ఇన్వర్టర్ ఉంటే రౌటరు, కెమెరా రెండూ దాని మీద పెట్టండి. లేకపోతే చిన్న బ్యాటరీ చాలు. రెండు కెమెరాలు, రౌటరు కలిపి 20 వాట్లు తీసుకుంటే, 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ సుమారు మూడు గంటలు లాగుతుంది.

స్టోరేజీ లెక్క: 2 మెగాపిక్సెల్ కెమెరా హెచ్.265 పద్ధతిలో సెకనుకు 1 మెగాబిట్ చొప్పున రాస్తే రోజుకు సుమారు 11 జీబీ. అంటే 128 జీబీ కార్డులో పది రోజులు, నాలుగు కెమెరాలకు 1 టీబీ డిస్కులో మూడు వారాలు.

ఇప్పుడు అందరూ వదిలేసే విషయం, పాస్‌వర్డ్. 2016లో మిరాయ్ అనే వైరస్ లాంటి ప్రోగ్రామ్, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలను, డీవీఆర్‌లను లక్షల సంఖ్యలో పట్టుకుని, వాటితోనే పెద్ద పెద్ద వెబ్‌సైట్లను పడగొట్టింది. అది ఎక్కడో అనుకోవద్దు. 2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి కెమెరాల నుంచి ఆడవాళ్ళ వీడియోలు బయటికి పోయి అమ్ముడయ్యాయి. ఒక్కసారి ఆలోచించండి, అది మన అక్క అయితే? బిగించిన ఆయన పెట్టిన పాస్‌వర్డ్ ఆయన ఎదురుగానే మార్చండి. పడకగదిలో, బాత్‌రూమ్ వైపు కెమెరా అసలు వద్దు.

ప్రభుత్వం కూడా దీని మీద నిబంధనలు తెచ్చింది. 2024 ఏప్రిల్‌లో నోటిఫికేషన్ ఇచ్చి, 2025 ఏప్రిల్ 9 నుంచి సీసీటీవీ కెమెరాలకు భద్రతా పరీక్షలు తప్పనిసరి చేసింది. డబ్బా మీద ఉండే బీఐఎస్ రిజిస్ట్రేషన్ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. నంబరే లేని చవక కెమెరా జోలికి పోవద్దు.

దొంగతనం జరిగితే ఏం చేయాలి?

మొదట 112కు ఫోన్ చేయండి. తర్వాత వీడియో జాగ్రత్త. టీవీ తెర మీద ఆడుతున్న దాన్ని ఫోన్‌తో తీసి వాట్సాప్‌లో పంపడం మనందరి అలవాటు. అలా చేస్తే ఉన్న స్పష్టత కూడా పోతుంది. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేయండి, అసలు డిస్కును కదిలించకుండా ఉంచండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం, ఇలాంటి వీడియో కాపీ కోర్టులో చెల్లాలంటే దాంతో పాటు సర్టిఫికెట్ ఉండాలి. దాని గురించి స్టేషన్‌లోనే అడగండి. నెలకోసారి కెమెరా గడియారాన్ని మీ ఫోన్ టైముతో సరిచూసుకోండి. మేం చేయని పని అదే.

పండక్కో, పెళ్ళికో ఇంటికి తాళం వేసి పోతున్నారా? ఆంధ్రప్రదేశ్ పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ అని ఒక సేవ ఉంది. తాళం వేసిన ఇళ్ళ మీద నిఘా అన్నమాట. యాప్‌లో పేరు నమోదు చేసుకుని, ఊరెళ్ళే ముందు అడిగితే, పోలీసులే వచ్చి కదలికను పట్టే కెమెరా పెడతారు. ఎవరైనా లోపలికి వస్తే కంట్రోల్ రూమ్‌కు అలర్ట్ పోతుంది. డబ్బులు తీసుకోరు. ప్రయాణానికి వారం ముందే మీ స్టేషన్‌కు వెళ్ళి అడగండి. హైదరాబాద్‌లో "నేను సైతం" పేరుతో కాలనీవాళ్ళు కలిసి కెమెరాలు పెట్టుకున్నట్టు, మన వీధిలో నాలుగిళ్ళు కలిసి వీధి మొదట్లో ఒక మంచి కెమెరా పెట్టుకున్నా ఖర్చు తగ్గుతుంది.

డబ్బు తక్కువుంటే ఏ వరుసలో ఖర్చు పెట్టాలి? ముందు గట్టి తాళం, గొళ్ళెం. తర్వాత సెన్సర్ లైటు. తర్వాత గేటు దగ్గర ముఖం దొరికే ఒక్క కెమెరా. తర్వాత దానికి బ్యాటరీ. రెండో కెమెరా ఆ తర్వాతే. నాలుగు కెమెరాల కాంబో ఆఫర్ చూసి మోసపోకండి.

కెమెరా బిగించిన రాత్రే ఒక పరీక్ష పెట్టండి. మీ తమ్ముడికో స్నేహితుడికో టోపీ పెట్టి, రాత్రి పదకొండుకు గేటు నుంచి బండి దాకా నడిపించండి. తర్వాత ఆ వీడియో వాడిని ఎరగని మనిషికి చూపించి, రేపు వీధిలో కనిపిస్తే గుర్తుపడతావా అని అడగండి. గుర్తుపట్టలేనంటే కెమెరా చోటు మార్చండి. బిగించిన ఆయనకు డబ్బులు ఇచ్చేది ఈ పరీక్ష అయ్యాకే.

మా ఇంట్లో ఇప్పుడు పైన కెమెరా అలాగే ఉంది, గేటు దగ్గర ఎనిమిది అడుగుల్లో ఇంకొకటి, పక్క గోడకు సెన్సర్ లైటు. మొన్నొక రాత్రి ఒంటిగంటన్నరకు నా ఫోన్ మోగింది. చూస్తే లైటు వెలిగింది, గేటు దగ్గర ఎవరో నిలబడి ఉన్నాడు, తల పైకెత్తి లైటు వైపు చూసి వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. వెంటనే నాయనకు ఫోన్ చేశా. "నేనూ చూస్తున్నాలేరా ఫోన్‌లో. తలుపు తీయలేదు. పడుకో" అన్నాడు.

ఆ మాట కోసమే ఇదంతా. మీ ఇంటి ముందు ఫోటో తీసి, గేటు ఎన్ని అడుగుల దూరమో కామెంట్‌లో రాయండి, ఏ లెన్స్ సరిపోతుందో చెప్తా. ఇంటి నంబరు, వీధి పేరు మాత్రం కనపడకుండా చూసుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. జాగ్రత్త.